బుల్లిరాజు గారి విమానానికి శుద్ధి

బుల్లిరాజు గారి విమానంలో మీటర్లు చచ్చిపోవడానికి కారణం వైరింగు కాదట, వైరింగు చేసిన పిల్లట. దూరంగా ఉండాల్సిన రోజుల్లో ఆ పిల్ల లోపలికెక్కి కూర్చుని అన్నీ ముట్టుకుందట. అందుకే విమానం అంత పరుగు పెట్టినా స్పీడు మీటరు ముల్లు కదల్లేదట. ఈ మాట పక్కింటి పింకీ వాళ్ళమ్మ చెప్పింది. ఆవిడకి మండవల్లిలో ఉన్న తోడికోడలు ఫోన్లో చెప్పిందట. తోడికోడలికి ఎవరు చెప్పారో తెలీదు. ఇలాంటి మాటలకి తల ఎక్కడుందో ఎప్పుడూ దొరకదు, తోక మాత్రం మన గుమ్మంలోనే ఆడుతుంటుంది.

"నేనన్లేదండీ. అక్కడంతా అనుకుంటన్నారంట. మీ చెవిన వెయ్యకపోతే రేపు నన్నే అంటారని చెప్తున్నానండీ" అని కూడా అందట పింకీ వాళ్ళమ్మ. ఆవిడ వచ్చింది పెరుగు తోడు కోసం. గరిటెడు తోడు పట్టుకెళ్ళింది, ఇది దించి వెళ్ళింది.

భ్రమరాంబ ఈ ముక్క కూతురికి చెప్పేటప్పుడు వీధి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి మరీ చెప్పింది. భాగ్యశ్రీ పెసరట్టు తుంచిన చెయ్యి అల్లప్పచ్చడిలోనే ఉండిపోయింది.

"అది కాదే, ఇంతకీ ఆవేళ నువ్వు..." అంది తల్లి.

"నువ్వూ అడుగుతున్నావామ్మా?"

భ్రమరాంబ నోరు మూసుకుంది గానీ కళ్ళు మూసుకోలేదు. ఆ కళ్ళల్లో అదే ప్రశ్న. కంచంలో చెయ్యి కడిగేసి లేచింది భాగ్యశ్రీ. అవునా కాదా అన్నది ఆమె సంగతి. ఆమె కన్నతల్లికే చెప్పలేదు, ఈ కథలోనూ చెప్పరు.

భాగ్యశ్రీ చదివింది ఏవియానిక్స్. విమానానికి ఇంజను గుండె అయితే, కళ్ళూ చెవులూ నోరూ ఉంటాయి చూడండి, ఎంత ఎత్తున ఉన్నామో చెప్పే మీటరు, ఎంత వేగంగా పోతున్నామో చెప్పే మీటరు, కింద వాళ్ళతో మాట్లాడే రేడియో, ఆ పని. హైదరాబాదులో విమానాలు మరమ్మతు చేసే షెడ్డులో కొన్నేళ్ళు చేసి, అది మూతపడ్డాక ఉంగుటూరు వచ్చేసి, తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. అక్కడికే వెతుక్కుంటూ వచ్చాడు బుల్లిరాజు.

మండవల్లి పక్కన చేపల చెరువులున్న ఆసామి ఆయన. కొల్లేటి మీద గూడబాతులు దిగడం చూసీ చూసీ విమానం పిచ్చి పట్టుకుంది. ఎక్కడో క్లబ్బులో చేరి నడపడం నేర్చాడు. ఇద్దరు కూర్చునే చిన్న విమానం ముక్కలు ముక్కలుగా చెక్క పెట్టెల్లో తెప్పించి, చేపల దాణా నిలవచేసే షెడ్డు ఖాళీ చేయించి, ఒక్కో రెక్కా బిగించుకున్నాడు. రెక్కలు ఆయన బిగించగలిగాడు. వైర్ల దగ్గరికొచ్చేసరికి చెమటలు పట్టాయి.

"అమ్మాయ్, నువ్వు చెయ్యెట్టకపోతే ఇది రెక్కలున్న ట్రాక్టరేనమ్మా" అన్నాడు మొదటి రోజు. అప్పటికి ఆ చెయ్యి మంచిదే.

ఆ చెయ్యి ఏం చేసిందో షెడ్డులో కుర్చీ వేసుకు కూర్చున్న ఆయన తల్లి వెంకటనరసమ్మ గారు రోజూ చూసింది. ప్రతి వైరుకీ రెండు కొసలా పేరు రాసిన చిన్న తొడుగు తొడిగింది భాగ్యశ్రీ. వేడికి ఇంజను పక్కన కరిగేవి ఒక దారిన, రేడియోలో గోల పెట్టేవి ఇంకో దారిన పంపింది. కట్టల్ని ప్లాస్టిక్ పట్టీలతో బిగించకుండా మైనం పూసిన దారంతో, వల అల్లేవాళ్ళు వేసే ముడి లాంటి ముడేసి, జడ అల్లినట్టు కట్టుకుంటూ పోయింది. "మా వలలోళ్ళు కూడా ఇంత శుభ్రంగా కట్టరే పిల్లా" అంది ముసలావిడ ఒకసారి. ఆ మాట భాగ్యశ్రీకి పెద్ద సర్టిఫికెట్టు లాగే అనిపించింది. అందుకే తర్వాత అంత మండింది.

చివరి రోజు అన్నీ పరీక్ష చేసింది. రెక్క కింద ముందుకి పొడుచుకుని ఒక సన్నటి గొట్టం ఉంటుంది. ఎదురుగాలి అందులోకి దూరితేనే వేగం మీటరు ముల్లు లేస్తుంది. తోక వైపు, పొట్టకి రెండు పక్కలా ఒక్కో వెండి బిళ్ళ, దాని మధ్యలో సూది మొన పట్టేంత బెజ్జం. ఎత్తు మీటరు ఊపిరి పీల్చేది ఆ బెజ్జాల్లోంచే. గొట్టానికి సిరంజీ తగిలించి మెల్లగా గాలి నెట్టింది, ముల్లు లేచింది. పట్టి ఉంచింది, ముల్లు జారలేదు. ఒక పక్క బెజ్జానికి టేపు వేసి, రెండో పక్క బిళ్ళ మీద రబ్బరు కప్పు పెట్టి గాలి లాగింది, ఎత్తు మీటరు షెడ్డులో కూర్చునే కొండెక్కింది. బుల్లిరాజు చప్పట్లు కొట్టాడు. గొట్టానికి ఎర్ర గుడ్డ తొడుగు తొడిగి, "పరుగు తీసే రోజు నేనొచ్చి చూసేకే ఇది తియ్యాలండి" అని మరీ చెప్పింది.

సరిగ్గా అప్పుడే వెంకటనరసమ్మ గారు ద్వారకా తిరుమల లడ్డూ తెచ్చి చెయ్యి చాపమంది. భాగ్యశ్రీ చేతినిండా సోల్డరు మసి.

"తర్వాత తీసుకుంటానండి మామ్మగారూ" అంది.

ప్రసాదం తర్వాత తీసుకుంటానన్న ఆడపిల్ల! అంతే. ముసలావిడ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఏమీ అనలేదు. అనకపోవడమే కొంప ముంచింది.

తర్వాత నాలుగైదు రోజులకి, చేపల పట్టుబడి అయిపోయి ఎండగట్టిన చెరువులో విమానం పరుగు తీసిందని భాగ్యశ్రీకి వాట్సాప్ వీడియోలో తెలిసింది. నేల మీద పరుగు వరకే ఇంకా. ఎగరడానికి అనుమతులు రావాలి. పగుళ్ళు పూడ్చి రోలరు తొక్కించిన చెరువు అడుగు మీద తెల్లటి విమానం దుమ్ము లేపుకుంటూ పోతోంది. గట్ల మీద బంధువుల ఈలలు. వెనక్కొచ్చి ఆగాక అద్దం తీసి బుల్లిరాజు అరిచాడు, "స్పీడు సున్నా చూపిత్తందిరా! ఏం పని చేసిందిరా ఆ పిల్ల!" వీడియో అక్కడితో ఆగింది. ఆ ఒక్క ముక్కే కైకలూరు నుంచి తాడేపల్లిగూడెం దాకా అందరి ఫోన్లలోకీ దూరింది.

పిలవకుండా పరుగు తీసినందుకు ఫోన్ చేసి అడిగింది.

"ముహూర్తం కుదిరిందమ్మా" అన్నాడు బుల్లిరాజు. "ఇప్పుడవన్నీ ఎందుకులే. ఏలూరు నుంచి క్రాంతి కుమార్ అని కార్ల ఎలక్ట్రీషియన్ని పెట్టేను. మొత్తం పీకేసి కొత్తగా లాగుతానన్నాడు. నువ్వింక ఇటు రావక్కర్లేదు."

"మొత్తం పీకడమేంటండీ! వేగం మీటరుకీ వైర్లకీ..."

"అమ్మ ఒప్పుకోదమ్మా" అని పెట్టేశాడు.

అమ్మ ఎందుకు ఒప్పుకోదో మర్నాడు పొద్దున్న పింకీ వాళ్ళమ్మ వల్ల తెలిసిందన్నమాట. ఆడలేక మద్దెల ఓడు అన్నది పాతకాలం సామెత. ఇప్పుడు మద్దెల వాయించిన పిల్ల ముట్టయ్యిందంటున్నారు. ఇవాళ వైర్లు ఊడితే ఆ మాటే ఖాయమైపోతుంది. రేపు ఇంకే విమానం షెడ్డుకి పనికెళ్ళినా, "ఆ వీడియోలో అమ్మాయివి కదూ" అంటారు. భాగ్యశ్రీ స్కూటీ తీసింది. తల్లి "గొడవ పడకే" అంటూ వీధి దాకా వచ్చింది. "గొడవ నేను పడట్లేదమ్మా, నా మీద పడింది" అని బండి దూకించింది.

ఏలూరు దాటి కైకలూరు రోడ్డెక్కేసరికి ఎండ చురచుర లాడుతోంది. రెండు పక్కలా చెరువులు, చెరువుల్లో గాలి చిలికే చక్రాలు, గట్ల మీద తవుడు బస్తాలు. నీచు వాసనా, కుళ్ళిన వేరుశెనగ చెక్క వాసనా. దారి పొడవునా మాటలు కూర్చుకుంది. ఒకదాన్ని మించి ఇంకొకటి పదునుగా. షెడ్డు ముందు బండి ఆపేసరికి అవన్నీ ఆవిరైపోయి, చెమట ఒక్కటే మిగిలింది.

గుమ్మానికి అడ్డంగా కుర్చీ. కుర్చీలో వెంకటనరసమ్మ గారు.

"అక్కడే ఉండమ్మా" అంది. తిట్టు కాదు, గంజి వారుస్తూ పిల్లల్ని ఎడంగా ఉండమన్నట్టు మెత్తగా అంది. అందుకే మరీ తగిలింది.

కుర్చీ మీదుగా లోపలికి చూసింది భాగ్యశ్రీ. విమానం డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని ఒకతను కటింగ్ ప్లేయరు ఆడిస్తున్నాడు. కాళ్ళు మాత్రం బయటికున్నాయి. నేల మీద మైనం దారం ముక్కలు. ఆమె అల్లిన జడ.

"ఓ బాబూ! క్రాంతి కుమార్ గారూ! ఒక్క నిమిషం చెయ్యాపండి."

కాళ్ళు కదిలాయి, తర్వాత తల వచ్చింది. "నమస్తే మేడమ్. రేడియో కట్ట ఒకటే ఇప్పేనండి. బలే గట్టిగా కట్టేరండి, కొయ్యాల్సొచ్చింది."

"స్పీడు రాకపోతే రేడియో కట్ట ఎందుకు కోసేరండి?"

అతను తల గోక్కున్నాడు. "మొత్తం పీకమన్నారండి రాజు గారు. నాదేముందండి."

బుల్లిరాజు చెరువు గట్టు మీంచి లుంగీ ఎగ్గట్టుకుంటూ వచ్చాడు. "ఎందుకమ్మా ఎండలో పడొచ్చేవు? ఫోన్లో చెప్పేను కదా."

"మీరు ఫోన్లో చెప్పిందొకటి, ఊరు చెప్పిందొకటండి. రెండూ విన్నాను. నేను గడప తొక్కను. విమానాన్నీ ముట్టుకోను. మామ్మగారు నిశ్చింతగా ఉండొచ్చు. దాన్నే బయటికి తోయించండి. సిరంజీ మీ చేత్తో మీరే పట్టండి. ముల్లు కదలకపోవడం నా తప్పయితే, ఆ వైర్లు మీరు పీకక్కర్లేదు, నేనే పీకి పోతాను."

బుల్లిరాజు చెరువు దగ్గర పనివాళ్ళని కేకేశాడు. ముసలావిడ కుర్చీ పక్కకి జరిగింది. విమానం మెల్లగా దొర్లుకుంటూ ఎండలోకి వచ్చింది.

ఎండలో పడగానే కనబడింది. షెడ్డు చీకట్లో ఏమో గానీ, ఇప్పుడు పెళ్ళికూతురిలా ఉంది. ముక్కుకి పసుపు, కుంకుమ. చక్రాలకి, తలుపులకి, రెక్క కొసలకి గంధం పూసి బొట్లు. ఒళ్ళంతా పసుపు నీళ్ళు చల్లిన చారలు. వెండి బిళ్ళలు రెండింటి మీదా, రెండు పక్కలా, సరిగ్గా మధ్యలో, గుండ్రంగా, ముచ్చటగా, దిట్టంగా బొట్టు.

భాగ్యశ్రీ విమానం దగ్గరికి నడిచింది. రెక్క కిందికి వంగి గొట్టం మూతి చూసింది. ఎర్ర తొడుగు లేదు. మూతి నిండా పసుపు ముద్ద, దాని మీద కుంకుమ. ఎండిపోయి పగుళ్ళిచ్చింది.

ముట్టుకోనని మాటిచ్చింది కదా, సంచీలోంచి సిరంజీ, రబ్బరు కప్పు తీసి బుల్లిరాజు చేతిలో పెట్టింది.

"గొట్టానికి తగిలించండి. మెల్లగా నెట్టండి. క్రాంతి గారూ, మీరు లోపల కూర్చుని వేగం ముల్లు చూడండి."

బుల్లిరాజు నెట్టాడు. సిరంజీ బిగుసుకుంది. మెడ నరాలు ఉబ్బేలా నెట్టాడు.

"కదల్లేదండి" అన్నాడు లోపల్నుంచి క్రాంతి కుమార్.

"వెనకాల బిళ్ళ మీద కప్పు పెట్టి లాగండి. ఎత్తు మీటరు?"

"ఊహూ. అదీ అంతేనండి."

"ఈ రెండు ముళ్ళ మీటర్లకీ కరెంటే లేదండి" అంది భాగ్యశ్రీ. "కావలిస్తే బ్యాటరీ ఊడదీసి చూడండి. వీటిక్కావలసింది గాలి."

క్రాంతి కుమార్ బయటికి తల పెట్టాడు. "అదేంటండీ! కారులో అయితే స్పీడు చక్రం దగ్గర్నుంచి వైర్లో వస్తదండి."

"ఇది కారు కాదు కదండి. డాష్‌బోర్డు వెనక ఆ గొట్టానివి సన్న పైపులుంటాయి. ముల్లున్న గుండ్రం మీటరుదీ, పక్కన అంకెలు చూపించే స్క్రీనుదీ, రెండు చోట్లా ఊడదీయండి. ఊడదీయకుండా గాలి కొట్టేరంటే మీటరు లోపల రేకు చిరిగిపోద్ది. స్క్రీను పైపు బొటనవేలితో నొక్కిపట్టి, మీటరు పైపుకి సైకిలు పంపు పెట్టి కొట్టండి."

పంపు తెచ్చారు. ఒక పోటు, రెండు పోట్లు. ఏమీ లేదు. బుల్లిరాజు ఏమవుతుందా అని గొట్టానికి ఎదురుగా వంగి చూస్తున్నాడు. మూడో పోటుకి ఠప్పుమని పసుపు బిళ్ళ ఊడొచ్చి ఆయన తెల్ల బనీను మీద పడింది. గుండెల మీద, నడిమధ్యన, కుంకుమతో సహా. పనివాళ్ళల్లో ఎవడో కిసుక్కున నవ్వి, దాన్ని దగ్గు కింద మార్చుకున్నాడు.

వెండి బిళ్ళలు తడిగుడ్డతో తుడిపించి, వాటి పైపులు కూడా అలాగే లోపల్నుంచి ఊదించింది. పైపులన్నీ తిరిగి బిగించాక బుల్లిరాజు మళ్ళీ సిరంజీ నెట్టాడు.

"లేచిందండీ!" అని అరిచాడు క్రాంతి కుమార్. "అరవై... ఎనభై... వందండి బాబూ!" ఒక పక్క బెజ్జానికి టేపు వేయించి రెండో పక్క లాగించింది. ఎత్తు మీటరు కూడా కొండెక్కింది. క్రాంతి కుమార్ దిగి వచ్చి కటింగ్ ప్లేయరు జేబులో పెట్టుకున్నాడు. నేల మీది దారం ముక్కలు ఏరి, ఏం చెయ్యాలో తెలీక ఆమెకివ్వబోయి, ముట్టుకోనందని గుర్తొచ్చి కాబోలు, రెక్క మీద పెట్టాడు.

"ఈ బొట్లెవరు పెట్టేరండి?" అంది భాగ్యశ్రీ.

అందరి చూపులూ కుర్చీ వైపు పోయాయి.

"నేనే" అంది వెంకటనరసమ్మ గారు. దాచే మనిషి కాదు ఆవిడ. "శుద్ధి చేయించేను. పరుగుకి ముందు రోజు. మైల పడ్డ వాహనం ఎక్కకూడదమ్మా. పిలిపించిన పంతులు గారు పసుపు నీళ్ళు చల్లి, ద్వారాలన్నిటికీ బొట్టు పెట్టమన్నారు. ఎక్కడ బెజ్జం కనిపిస్తే అక్కడల్లా నా చేత్తో పెట్టేను. ఆ ఎర్ర గుడ్డ కూడా నేనే తీసేను. ఎరుపెందుకని."

భాగ్యశ్రీకి ఒక్కసారిగా మొత్తం అర్థమైంది. లడ్డూ తీసుకోలేదని మైలన్నారు. మైలని శుద్ధి చేశారు. శుద్ధి చేసిన పసుపే మీటర్ల పీక నొక్కింది. మీటర్లు చచ్చాయి కనుక మైల నిజమైపోయింది. ఎక్కడి నుంచి మొదలుపెట్టి తిప్పినా చివరికి దోషం ఆమె దగ్గరికే వచ్చి ఆగేలా ఎంత చక్కగా అల్లారు! తన వైరింగుకి కూడా అంత నేర్పు లేదు.

బుల్లిరాజు బనీను దులుపుకున్నాడు. దులిపిన కొద్దీ పసుపు పాకింది. "పెద్దావిడ కదమ్మా, భక్తి కొద్దీ చేసింది. పోన్లే, దొరికింది కదా. మనలో మాట, ఇది ఇక్కడితో వదిలేద్దాం. క్రాంతి ఏదో వైరు మార్చేడు, బాగయ్యిందని గ్రూపులో పెట్టేస్తాను. అమ్మ పేరు బయటికొస్తే బాగోదు."

"నా పేరు బయటికొచ్చింది కదండీ."

"అబ్బా, నీ పేరు ఎవరన్నారమ్మా..."

"మీరేనండి. 'ఏం పని చేసిందిరా ఆ పిల్ల' అని. వీడియో నా ఫోన్లో కూడా ఉంది, పెట్టమంటారా?"

క్రాంతి కుమార్ గొంతు సవరించుకున్నాడు. "రాజు గారూ, నేను మాత్రం బాగు చేసేనని చెప్పనండి. నేను కట్ట కోసేనంతే."

"నువ్వూరుకోవయ్యా!" అని కసిరి, మళ్ళీ గొంతు మెత్తన చేసుకున్నాడు బుల్లిరాజు. "చూడమ్మాయ్, రేడియో కట్ట నువ్వే మళ్ళీ కట్టు. నీ పని మంచిది, నేను కాదన్లేదు. వచ్చే నెల పర్మిషనొస్తే పైకి తీస్తాను. నువ్వే దగ్గరుండి చూద్దువు గాని. కాకపోతే ఆ రోజులు వచ్చినప్పుడు ముందే ఒక ముక్క చెప్పి మానెయ్, సరిపోద్ది. ఎవరికీ ఏ పేచీ ఉండదు."

భాగ్యశ్రీ సిరంజీ అందుకుని, గుడ్డలో చుట్టి సంచీలో పెట్టుకుంది. కోసిన కట్ట ఆమెని లాగుతూనే ఉంది. తన చేత్తో అల్లినది అలా వేళ్ళాడుతుంటే వదిలి పోవడం కష్టంగానే ఉంది. బండి స్టాండు తీసింది.

"మాటాడవేమమ్మా?" అన్నాడు బుల్లిరాజు.

ఈలోగా వెంకటనరసమ్మ గారు కర్ర ఊతంగా కుర్చీలోంచి లేచింది. ఎండలోకి నాలుగడుగులు వేసి భాగ్యశ్రీ ముందు నిలబడింది. పనివాళ్ళు వింటున్నారని కూడా చూడలేదు.

"అదంతా సరేనమ్మా. నా అనుమానం నాకుండిపోద్ది. నా మీద ఒట్టు, నిజం చెప్పు. ఇంతకీ ఆవేళ నువ్వు ముట్టా, కాదా?"

భాగ్యశ్రీ హెల్మెట్టు పెట్టుకోబోతూ ఆగింది.

"అయితే ఏంటండి, కాకపోతే ఏంటండి మామ్మగారూ? ఆ బొట్లతో పైకెళ్ళుంటే మీ అబ్బాయి దిగొచ్చేవారు కాదు."